తొందరపడని ఈత

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పురుషుల 100 మీటర్ల ఫ్రీస్టైల్ విజేత 47.21 సెకన్లలో గట్టు తాకాడు. అదే కొలనులో అంతే దూరాన్ని బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఈది ప్రపంచ రికార్డు నెలకొల్పిన జపాన్ ఈతగాడు కొసుకే కితజిమకు 58.91 సెకన్లు పట్టింది. మనం కప్ప ఈత అని పిలుచుకునే ఈ పద్ధతి పోటీ ఈతలన్నిటిలోకీ నిదానమైనది. దాని కష్టమూ అందమూ కూడా ఆ నిదానంలోనే ఉన్నాయని నా నమ్మకం.

నిదానానికి కారణం నీళ్లే. ఫ్రీస్టైల్లో చేతులు గాలిలోంచి ముందుకొస్తాయి, కాళ్లు ఆగకుండా ఆడుతూనే ఉంటాయి. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో చేతులు మళ్లీ చాపుకునేటప్పుడు మోచేతులు నీళ్లలోనే ఉండాలి. రెండు చేతులూ ఒక్కసారే కదలాలి, కాళ్లూ అంతే. కాలితో తన్నాలంటే ముందు మోకాళ్లు మడవాలి. మడిచిన క్షణంలో తొడలు ఎదురు నీటిని నెడతాయి, ఒళ్లు దాదాపు నిలిచిపోతుంది. పాదాలు బయటికి తిప్పి వెనక్కి గట్టిగా తన్నాక మళ్లీ వేగం వస్తుంది. అంటే ప్రతి బార ఈతగాడికి కొంత వేగం ఇస్తుంది, కొంత తీసేసుకుంటుంది. గాభరాపడి బారలు పెంచినకొద్దీ ఆగడాలూ పెరుగుతాయి. తన్నిన వెంటనే ఒంటిని తిన్నగా చాపి, తల చేతుల మధ్య దాచి, ఆ ఊపు మీద సాగిపోవడం తెలియాలి. ఎక్కువసేపు సాగినా నష్టమే, వేగం చల్లారిపోతుంది. మళ్లీ చేతులు ఎప్పుడు విప్పాలో ఒంటికే తెలియాలి.

జపాన్‌లో ఈ విద్యకు పాత పునాది ఉంది. యోషియుకి త్సురుత 1928, 1932 ఒలింపిక్స్ రెండింటిలోనూ 200 మీటర్ల స్వర్ణం గెలిచాడు. 1936లో బెర్లిన్‌లో హిదెకో మయెహత అదే దూరంలో గెలిచి, ఒలింపిక్ స్వర్ణం అందుకున్న తొలి జపాన్ మహిళ అయింది. 1956లో మసరు ఫురుకవ పోటీలో చాలా భాగం నీటి అడుగునే ఈది గెలిచాడు. అడుగున అలల పోరు తక్కువ కనుక వేగం ఎక్కువ. ఆ తరువాత నియమం మార్చి ఆ దారి మూసేశారు. ఒక్క ఈత మీద ఒక దేశం ఇంతకాలం ఇంత మనసు పెట్టడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

కితజిమ 1982లో టోక్యోలో పుట్టాడు. వాళ్ల కుటుంబానిది మాంసం దుకాణం. భారీ మనిషి కాదు, ఎత్తు 178 సెంటీమీటర్లు. కోచ్ నొరిమస హిరయి అతని చుట్టూ ఒక చిన్న బృందాన్నే పేర్చాడు. నీళ్లలో ప్రతి కదలికనూ వీడియో తీసి విడమరిచి చూసే మనిషి కూడా అందులో ఉన్నాడు. 2000 సిడ్నీలో కితజిమ నాలుగో స్థానంతో ఇంటికొచ్చాడు. 2002లో బుసాన్ ఆసియా క్రీడల్లో 200 మీటర్లు 2:09.97లో ఈది, పదేళ్లుగా చెక్కుచెదరని మైక్ బారోమన్ రికార్డును తుడిచేశాడు.

2004 ఏథెన్స్‌లో 100 మీటర్లలో అమెరికా ఈతగాడు బ్రెండన్ హాన్సెన్‌ని 0.17 సెకన్ల తేడాతో ఓడించాడు. వివాదం వెంటనే మొదలైంది. అతను నీటి అడుగున రెండు కాళ్లూ కలిపి తోకలా కొట్టే డాల్ఫిన్ కిక్ కొట్టాడనీ, బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అది కుదరదనీ అమెరికా జట్టులోని ఆరన్ పియర్సోల్ బహిరంగంగానే అన్నాడు. అధికారులు ఫలితం మార్చలేదు. మరుసటి ఏడాది అంతర్జాతీయ సమాఖ్య, గట్టు వదిలాక నీటి అడుగున ఒక్క డాల్ఫిన్ కిక్‌కు అనుమతినిచ్చింది. ఆ 100 మీటర్ల స్వర్ణం మీద సందేహపు నీడ ఉందంటే నేను కాదనను. కానీ 200 మీటర్లలో అతను రెండో స్థానం వాడికన్నా 1.36 సెకన్లు ముందు గట్టు చేరాడు. ఒక్క కిక్కుతో అంత తేడా రాదు.

బీజింగ్ ఏడాది ఈతలో దుస్తుల గోల చెలరేగింది. స్పీడో కంపెనీ కొత్త సూట్ వేసుకున్నవాళ్లు రికార్డులు బద్దలు కొడుతుంటే, జపాన్ ఈతగాళ్లు తమ దేశపు కంపెనీల ఒప్పందాల్లో ఇరుక్కుపోయారు. ఆ జూన్‌లో ఒక పోటీ దగ్గర కితజిమ, ఈదేది నేనే అని రాసి ఉన్న టీషర్టు వేసుకుని కనిపించాడు. అదే పోటీలో ఆ కొత్త సూట్‌తోనే 200 మీటర్లు 2:07.51లో ఈది ప్రపంచ రికార్డు కొట్టాడు. సూట్ సాయం చేయలేదని ఎవరూ అనలేరు. కానీ బార ఎక్కడ విప్పాలో సూట్ చెప్పదు.

బీజింగ్ 100 మీటర్ల సెమీఫైనల్లో అందరికన్నా వేగంగా ఈదింది నార్వేకు చెందిన అలెగ్జాండర్ డాలె ఓయెన్. ఫైనల్‌కు ముందు హిరయి తన శిష్యుడికి ఇచ్చిన సలహా ధైర్యం చేసి నెమ్మదిగా వెళ్లమని. ప్రపంచంలోకెల్లా వేగమైనవాళ్లు పక్క వరసల్లో ఉండగా నిమిషం కూడా పట్టని పోటీలో అలా ఈదడానికి నిజంగానే ధైర్యం కావాలి. కితజిమ ఆ మాట విన్నాడు. 59 సెకన్ల లోపు ఈదిన తొలి మనిషయ్యాడు. 200 మీటర్లు కూడా గెలిచాడు. వరుసగా రెండు ఒలింపిక్స్‌లో బ్రెస్ట్‌స్ట్రోక్ స్వర్ణాలు రెండూ అతనికి ముందు ఎవరూ గెలవలేదు.

2012 లండన్‌లో అతను 100 మీటర్లలో ఐదోవాడు. 200 మీటర్లలో కాంస్యం 0.06 సెకన్లలో తప్పిపోయింది, అదీ సొంత జట్టులోని ర్యో తతెయిషి చేతిలో. అతన్ని వట్టి చేతులతో ఇంటికి పంపకూడదని తోటివాళ్లు పంతం పట్టి మెడ్లీ రిలేలో రజతం తెచ్చారు. 2016లో రియో జట్టులో చోటు దక్కక, 33 ఏళ్ల వయసులో పోటీలు మానేశాడు.

మరుసటి జనవరిలో ఇప్పెయి వతనబె 200 మీటర్లను 2:06.67లో ముగించాడు. 2:07 లోపు ఈదిన తొలి మనిషి అతనే. ఆ పోటీ టోక్యోలో జరిగింది, దాని పేరు కొసుకే కితజిమ కప్.