మంద నడిచే దారి

చలికాలం దగ్గరపడగానే లాప్‌లాండ్ ప్యాకేజీల ప్రకటనలు మొదలవుతాయి. ఫిన్‌లాండ్‌లోని రొవానియెమిలో శాంటాక్లాజ్ గ్రామం, అద్దాల ఇగ్లూలో ఒక రాత్రి, హస్కీ కుక్కల బండి, రెయిన్‌డీర్ బండి, వాతావరణం కలిసొస్తే ఆకాశంలో అరోరా. స్టాక్‌హోమ్‌లోనో హెల్సింకీలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు పిల్లల సెలవుల్లో వెళ్లొస్తారు. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు అది ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బుతో చేసే ప్రయాణం. ఆ ప్రకటనల్లో ‘సామీ సంస్కృతిని ఆస్వాదించండి’ అనే మాట కూడా, అంటే నార్వే, స్వీడన్, ఫిన్‌లాండ్, రష్యాల ఉత్తరాన ఉండే ఆదివాసుల సంస్కృతి గురించిన మాట కూడా, తరచూ కనిపిస్తుంది. ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. ఫిన్‌లాండ్ చట్టం సామీల స్వస్థలంగా గుర్తించిన ప్రాంతంలో రొవానియెమి లేదు. ఆ ప్రాంతం ఇంకా ఉత్తరాన ఇనారి, ఉత్స్‌యోకి, ఎనొంతెకియో, సొదాంకులా ఉత్తర భాగాల్లో ఉంది. ఇగ్లూ గ్రీన్‌లాండ్, కెనడాల ఇన్యూట్ ప్రజలది. సామీల గుడారం తీరే వేరు. హస్కీ బండ్లు పర్యాటకం వెంట వచ్చి స్థిరపడ్డాయి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది రెయిన్‌డీర్. సామీల బతుకుతో దానికి నిజమైన సంబంధమే ఉంది. అయితే ఆ సంప్రదాయం సవారీ దొడ్డిలో కట్టేసిన జంతువులో దొరకదని నా అభిప్రాయం. మంద ఏడాది పొడవునా నడిచే దారిలో అది ఉంది. ఆ దారి మీద ఎవరి మాట చెల్లుతుందన్న విషయంలో ఉంది. ధ్రువప్రాంతానికి వెళ్లే ప్రయాణికుడు ఆ దారి గురించి తెలుసుకోకపోతే సామీల గురించి తెలుసుకున్నది చాలా తక్కువ.

రెయిన్‌డీర్ పిల్లల చెవులకు గుర్తు వేసే పనినే చూడండి. సూర్యుడు అస్తమించని జూన్, జూలై నెలల్లో అది జరుగుతుంది. పగటి వేడికి జంతువులు సొమ్మసిల్లుతాయి కనుక చల్లబడ్డాక రాత్రిపూట పని పెట్టుకుంటారు. కొండ మీద మేస్తున్న మందను దొడ్డిలోకి తోలుకొస్తారు. వందల జంతువులు దొడ్డిలో గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి, ఆ తిరుగుడులో తల్లీ పిల్లా విడిపోయి మళ్లీ కలుస్తుంటాయి. ఏ పిల్ల ఎవరిదో తేల్చడానికి ఒకటే ఆధారం: అది ఏ తల్లి వెంట పోతోంది, ఆ తల్లి చెవి మీద ఎవరి గుర్తు ఉంది. చాలాచోట్ల పిల్లను ఒకసారి పట్టుకుని మెడలో నంబరు పలక కట్టి వదిలేస్తారు. అది వెతుక్కుంటూ పోయి తల్లిని చేరాక, నంబరునూ తల్లి చెవి గుర్తునూ పుస్తకంలో రాసుకుంటారు. తర్వాత తాడు విసిరి మళ్లీ పట్టుకుని, పదునైన చిన్న కత్తితో చెవి అంచున కోతలు పెడతారు. ఒకచోట చీలిక, ఒకచోట మెట్టులాంటి గంటు, ఒకచోట కొస తీసేయడం. రెండు చెవుల కోతలూ కలిపి చదివితే యజమాని ఎవరో తెలుస్తుంది. అలవాటైన కళ్లు పరుగెత్తే జంతువు చెవిని దూరం నుంచే చదువుతాయి. కోసిన చెవి ముక్కలను పారేయకుండా దాచుకుంటారు, ఆ వేసవిలో ఎన్ని పిల్లలకు గుర్తు పడిందో అవే లెక్క చెబుతాయి. గుర్తును అధికారికంగా నమోదు చేయించుకోవాలి, ఇంకొకరి గుర్తుతో కలవకూడదు. పసివాళ్లకూ సొంత గుర్తు ఉంటుంది. తొలి పన్ను వచ్చినప్పుడు బిడ్డకు రెయిన్‌డీర్ పిల్లను బహుమతిగా ఇవ్వడం ఆచారం. ఆడవాళ్ల జంతువులు పెళ్లయ్యాక కూడా వాళ్ల గుర్తుతోనే ఉంటాయి. మంద అంటే ఆస్తి, అందుకే ‘మీకు ఎన్ని ఉన్నాయి?’ అని అడగడం అక్కడ అమర్యాద. ప్రయాణికులు సరదాగా వేసే మొదటి ప్రశ్న తరచూ అదే అవుతుంటుంది.

ఈ చెవి గుర్తు ఎందుకు అవసరమైందో ఆలోచిస్తే నా వాదనకు మొదటి ఆధారం దొరుకుతుంది. ఎవరి జంతువులను వాళ్లు కంచె వేసి పెంచుకుంటే గుర్తుతో పెద్దగా పని లేదు. ఎన్నో కుటుంబాల జంతువులు ఒకే నేల మీద కలిసి మేసి, కలిసి నడిచి, మళ్లీ వేరుపడాలి కాబట్టే ఇంత సూక్ష్మమైన పద్ధతి పుట్టింది. నార్వేలో కౌతొకైనో వైపు మందలు చలికాలం లోతట్టు పీఠభూమిలో గడిపి, వసంతంలో తీరానికీ దీవులకూ వెళ్లి, శరత్తులో తిరిగొస్తాయి. స్వీడన్‌లో చాలా మందలు శీతాకాలం తూర్పు అడవుల్లో, వేసవి పడమటి కొండల్లో. ఏడాదిని సామీలు ఎనిమిది ఋతువులుగా లెక్కిస్తారు, ప్రతి ఋతువుకూ మేత వేరు, చోటు వేరు. అందులో ఒక్క చోటు చెడినా మిగిలిన ఏడూ దాన్ని పూడ్చలేవు. చలికాలపు మేత ప్రధానంగా నాచులా నేలను పట్టి పెరిగే లైకెన్. అది ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతుంది, ఒకసారి పాడైతే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత గాలిలో వచ్చిన సీసియంను లైకెన్ పీల్చుకుంది. అది తిన్న రెయిన్‌డీర్ల మాంసాన్ని స్వీడన్, నార్వేల్లో పెద్ద ఎత్తున పారేయాల్సి వచ్చింది. ఇప్పుడు చలికాలం నడుమ వాన పడి, ఆ నీరు మంచు మీద గట్టి పొరగా గడ్డకట్టడం ఎక్కువైంది. కింద లైకెన్ ఉందని జంతువుకు వాసన తెలుస్తుంది, గిట్టతో ఎంత తవ్వినా పొర పగలదు. అప్పుడు కాపరి సొంత డబ్బుతో మేత కొని తెచ్చి పోయాలి, లేదా మందను ఇంకో చోటికి నడిపించాలి. ఇంకో చోటు మిగిలి ఉంటేనే.

పర్యాటకులు ఎక్కువగా వచ్చేది డిసెంబరు నుంచి మార్చి వరకు. ఆ నెలల్లో ఆడ రెయిన్‌డీర్లు చూడి మీద ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో జతకట్టి మే నెలలో ఈనుతాయి. మగవి జతకట్టే కాలం ముగిశాక కొమ్ములు రాల్చేస్తాయి. ఆడవి ఈనేదాకా నిలుపుకుంటాయి, మంచులో తాము తవ్వుకున్న మేత గుంటను ఇతరులు ఆక్రమించకుండా కాచుకోవడానికి అవే ఆయుధాలు. దొరికిన కొద్ది మేతతో, ఒంట్లోని కొవ్వును పొదుపుగా ఖర్చుచేస్తూ కడుపులోని పిల్లను మోసే కాలం అది. అలాంటప్పుడు స్నోమొబైళ్ల చప్పుడుకు బెదిరి మంద పరుగెత్తితే ఆ పరుగు ఖరీదు మేలో పుట్టే పిల్ల చెల్లిస్తుంది. మంచు మీద సొంతంగా తిరగాలనే ఉత్సాహం తప్పని నేను అనను. ఆ మంచు ఖాళీగా లేదని మాత్రం తెలిసి ఉండాలి.

దారే సంస్కృతి అనే మాటను నార్వే అత్యున్నత న్యాయస్థానం కూడా తన భాషలో చెప్పింది. ఫోసెన్ ద్వీపకల్పంలో సామీల చలికాలపు మేతనేల మీద స్టూర్‌హైయా, రూఆన్ అనే రెండు పవన విద్యుత్ కేంద్రాలు కట్టారు, మొత్తం 151 గాలిమరలు. 2021 అక్టోబరు 11న 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోని 27వ అధికరణ అల్పసంఖ్యాకులకు తమ సంస్కృతిని అనుభవించే హక్కునిస్తోంది, ఈ అనుమతులు ఆ హక్కును ఉల్లంఘించాయి కనుక చెల్లవు అని. డప్పులూ దుస్తులూ పాటలూ అక్కడ చర్చకే రాలేదు. మేత పోతే సంస్కృతి పోతుందని న్యాయస్థానం ఒప్పుకుంది. అయినా మరలు తిరుగుతూనే ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో సామీ యువత ఓస్లోలో మంత్రిత్వ శాఖల ముందు బైఠాయించాక, ప్రభుత్వం కాపరుల హక్కులకు భంగం కొనసాగుతోందని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. 2023 డిసెంబరులో కాపరుల్లో ఒక వర్గంతో, 2024 మార్చిలో మరో వర్గంతో ఒప్పందాలు కుదిరాయి. స్వీడన్‌లో గిర్యాస్ సామీ గ్రామం కేసు ఇంకో రకం. అక్కడ సామీ గ్రామమంటే ఒక ప్రాంతపు కాపరుల సంఘం. 2020 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు, ఆ గ్రామం నేల మీద చిన్న జంతువుల వేటకూ చేపలు పట్టడానికీ అనుమతులిచ్చే హక్కు ప్రభుత్వానిది కాదని, అనాదిగా ఆ నేలను వాడుకుంటున్న గ్రామానిదని తేల్చింది. ఆ కొండల్లో గాలం వేయాలనుకునే ప్రయాణికుడికి ఇది నేరుగా తగిలే విషయం.

ఈ దారులను తెంచే పని గాలిమరలతో మొదలు కాలేదు. 1852లో నార్వే, ఫిన్‌లాండ్‌ల మధ్య, 1889లో ఫిన్‌లాండ్, స్వీడన్‌ల మధ్య సరిహద్దులను మందలకు మూసేశారు. 1919లో నార్వే, స్వీడన్‌లు చేసుకున్న మేత ఒప్పందం వల్ల ఉత్తరాది సామీ కుటుంబాలను బలవంతంగా దక్షిణానికి తరలించారు. ఆ కాలంలోనే ఐరోపా నగరాల్లో జనం టికెట్టు కొని సామీలను చూశారు. 1875లో జంతు వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ రెయిన్‌డీర్లతో పాటు కొందరు సామీలను కూడా హాంబర్గ్‌కు తీసుకొచ్చి ప్రదర్శించాడు. అదే కాలంలో సామీలున్న దేశాల బడుల్లో వాళ్ల భాషను నోరెత్తనివ్వలేదు. అంతకు ముందే మతాధికారులు వాళ్లు పూజల్లో వాడే డప్పులను లాక్కుని తగలబెట్టారు. 1691లో అండెర్స్ పౌల్సెన్ అనే వృద్ధుడి నుంచి స్వాధీనం చేసుకున్న డప్పు మీద యాజమాన్యం డెన్మార్క్ నుంచి సామీలకు దక్కింది 2022లో. ఈ చరిత్ర తెలిసినవాళ్లకు, సామీలు కానివారు సామీ వేషం వేసుకుని పర్యాటకుల ముందు ఉత్తుత్తి పూజలు చేయడం ఎందుకు గాయపరుస్తుందో వివరించనక్కర్లేదు. ఫిన్‌లాండ్ సామీ పార్లమెంటు 2018లో బాధ్యతాయుతమైన సామీ పర్యాటకానికి సూత్రాలు ప్రకటించింది అందుకే. సామీ సంస్కృతిని వాడుకునేముందు అనుమతి అడగడం ఆచరణలో కుదరదనేవాళ్లకు ‘ఫ్రోజెన్ 2’ సినిమా జవాబు. డిస్నీ అంతటి సంస్థ 2019లో సామీ పార్లమెంట్లతో, సామీ మండలితో ఒప్పందం రాసుకుని, వాళ్ల సలహాదారులను పెట్టుకుని, ఉత్తర సామీ భాషలో కూడా ఆ సినిమా విడుదల చేసింది.

దీని మీద వచ్చే అభ్యంతరాల్లో బలమైనది డబ్బుది. మాంసం మీద వచ్చే ఆదాయంతోనే చాలా కాపరి కుటుంబాలకు గడవదు. పర్యాటకులు రాకపోతే నిలబడే దారే ఉండదు కదా అంటారు. ఇందులో నిజం ఉంది. రెయిన్‌డీర్ బండి కూడా అబద్ధం కాదు. స్నోమొబైల్ రాకముందు సామాన్లూ మనుషులూ ఆ బండ్ల మీదే వెళ్లేవారు. విత్తులు కొట్టిన మగ జంతువును బండికి అలవాటు చేయడానికి కొన్నేళ్ల ఓపిక కావాలి, ఆ నేర్పు ఇప్పటికీ బతికి ఉన్నది కొంత పర్యాటకుల వల్లే. కాబట్టి సవారీ మానేయమని నేను చెప్పను. ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తోందన్నదే తేడా. కాపరి కుటుంబం తనకు తీరికున్న నెలల్లో, తన మందకు ఇబ్బంది లేని చోట, తాను చెప్పదలచినంతే చెప్పి అతిథిని పంపితే ఆ ఆదాయం దారిని నిలబెడుతుంది. బయటి హోటల్ నాలుగు జంతువులను అద్దెకు తెచ్చి, అదే నేల మీద కొత్త కాటేజీలకు అనుమతి అడిగితే అది దారిని తినేస్తుంది. రెండింటికీ టికెట్టు ధర ఒకేలా ఉండొచ్చు.

ఇప్పటి కాపరి హెలికాప్టర్, డ్రోన్, జీపీఎస్ పట్టీ వాడుతున్నాడు కదా, ఇంకెక్కడి సంప్రదాయం అని మరికొందరు అడుగుతారు. మన రైతు నాగలి వదిలి ట్రాక్టర్ ఎక్కినప్పుడు వ్యవసాయం ముగిసిందని మనం అనుకోలేదు. మంచు ఏ పొరలో ఎలా ఉంది, మంద ఈ రాత్రి కదలాలా వద్దా అన్నది డ్రోన్ చెప్పదు. దారులు తెగి ముక్కలయ్యే కొద్దీ మందను వేగంగా తోలడానికి యంత్రాలు ఇంకా ఎక్కువ అవసరమయ్యాయి. రంగురంగుల దుస్తుల్లో, యంత్రం ఊసు లేకుండా కనిపించాలని కాపరిని కోరడం హాంబర్గ్ ప్రేక్షకుడి కోరికకు ఎంతో దూరంలో లేదు. పవన విద్యుత్తు భూమికి మంచిది కదా అన్న మాటకూ ఇక్కడే జవాబు చెప్పాలి. మంచి పనే. కానీ వేడెక్కిన వాతావరణం వల్ల మేత మీద మంచు పొర కట్టి నష్టపోయినవాళ్ల చేతనే, ఆ వేడిని తగ్గించే పనికి మేతనేలను కూడా వదిలించడం రెండుసార్లు వసూలు చేయడమే.

ఇంకో అభ్యంతరం సామీల నుంచే వస్తుంది, దానికి నేను తలవంచుతాను. నాలుగు దేశాల్లోని సామీల్లో మందలున్నవాళ్లు పదోవంతు కన్నా మించరు. మిగిలినవాళ్లు జాలర్లు, టీచర్లు, నర్సులు, న్యాయవాదులు, నగరాల్లో ఉద్యోగులు. ఫిన్‌లాండ్‌లో అయితే సామీలు కానివాళ్లకూ మందలుంటాయి. రెయిన్‌డీర్‌ను చూస్తే సామీలందరినీ చూసినట్టు కాదు. అయినా మంద లేని సామీల హక్కులు కూడా ఈ నేల తగాదాల్లోనే ముందుకు నడిచాయి. 1979-81లో ఆల్తా నది ఆనకట్టకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమం ఆనకట్టను ఆపలేకపోయింది, కానీ 1989లో నార్వేలో సామీ పార్లమెంటు ఏర్పడటానికి బాట వేసింది.

మూడు రోజుల సెలవులో వెళ్లినవాడు ఇదంతా ఎలా చూడగలడు? చూడలేడు. జూలై రాత్రి దొడ్డి జనవరిలో కనిపించదు, దాన్ని నటించి చూపించమని అడగనూ కూడదు. ఆ మూడు రోజుల్లో చేయగలిగినవి మాత్రం ఉన్నాయి. ఇనారిలో సీదా మ్యూజియం ఉంది. స్వీడన్‌లో యోక్‌మోక్‌లో ఆయ్తె మ్యూజియం ఉంది. అదే ఊళ్లో 1605 నుంచి ఫిబ్రవరి మొదట్లో సంత జరుగుతోంది. కొమ్ము పిడి కత్తులు, చెక్క గిన్నెలు, తోలు సంచుల మీద సామీల చేతిపని అని తెలిపే, 1982 నుంచి వాడుకలో ఉన్న ‘సామీ దుఓజ్జి’ ముద్ర ఉందో లేదో చూసి కొనొచ్చు. ధర ఎక్కువే, ఒక్కో వస్తువు వెనక వారాల పని ఉంటుంది. సవారీ బుక్ చేసేముందు ఆ జంతువులు ఎవరివో, ఆ కుటుంబానికి సొంత మంద ఉందో అడగొచ్చు. ఎన్ని ఉన్నాయని అడగకుండా, వసంతంలో మంద ఎటు వెళ్తుంది, ఆ దారిలో కొత్తగా ఏం కడుతున్నారు అని అడగొచ్చు. యోక్‌మోక్‌లో ఆ ప్రశ్నకు చోటు చాలా దగ్గరే ఉంది. ఊరికి దగ్గర్లోని గాల్లొక్‌లో ఇనుప గనికి స్వీడన్ ప్రభుత్వం 2022 మార్చిలో షరతులతో అనుమతినిచ్చింది, ఆ నేల మీదుగా మందలు నడిచే సామీ గ్రామాలు దాన్ని వ్యతిరేకిస్తూనే ఉన్నాయి.