ఉచితవ్యాసం – పాఠచరిత్ర: అంతర్జాల తెలుగు విజ్ఞానవచనంపై ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

బాగ్ లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం నుంచి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి నడిచి వెళ్ళవచ్చు. ఆ గ్రంథాలయం పోటీపరీక్షలకు సిద్ధమవుతున్న యువతతో నిండి ఉంటుంది. వారిలో చాలామంది చదివేది అలమరల్లోని గ్రంథాలను కాదు. ఫోనులో ఉచితంగా దొరికే వ్యాసాలను, వాటి నుంచి తయారైన నోట్సుల జిరాక్సు ప్రతులను. విద్య, సమాజం, విజ్ఞానశాస్త్రం ఏ అంశమైనా అశోక్ నగర్ విద్యార్థికి తెలుగు వచనంతో నిత్యపరిచయం చాలావరకు వీటి ద్వారానే కలుగుతున్నది. కవితకూ కథకూ నవలకూ పరిమితమైన మన విమర్శ ఈ వచనం జోలికి దాదాపుగా పోలేదు. పోయిన కొద్దిమంది కూడా ఇంగ్లీషు మాటలు ఎక్కువయ్యాయనే ఫిర్యాదు దగ్గరే ఆగిపోయారు. అసలు లోపం పదజాలంలో లేదని, పాఠచరిత్ర చెరిగిపోవడంలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

2. ‘ఆమ్లజని’ కథ

తరగతిలో ఒక విద్యార్థిని నన్ను ఇలా అడిగింది: “ఆక్సిజన్‌ను ఆమ్లజని అని ఎందుకంటారు సార్? అది ఆమ్లం కాదు కదా?” తెలుగులో డాక్టరేట్ ఉన్న నా దగ్గర సమాధానం లేదు. వెదకగా తేలినదేమిటంటే, ఈ వాయువును 1774లో ప్రీస్ట్‌లీ వేరుచేశాడు. అంతకుముందే షీలే కూడా దానిని గుర్తించాడు. ఆమ్లాలన్నింటికీ మూలం ఇదేనని భావించిన లావోయిజర్ గ్రీకు ధాతువులతో ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. సముద్రలవణం నుంచి వచ్చే ఆమ్లంలో ఈ మూలకం లేనే లేదని 1810 నాటికి డేవీ నిరూపించాడు. సిద్ధాంతం పోయింది, పేరు మిగిలింది. మనవాళ్ళు ఆ పేరును ధాతువు ధాతువుగా సంస్కృతంలోకి తెచ్చుకున్నారు. ఉదజనికి ఆ చిక్కు లేదు. అది మండితే నీరే పుడుతుంది. (ఆమ్లధర్మం ఎక్కువగా హైడ్రోజన్‌కు సంబంధించినదని తరువాత తేలింది గనుక, న్యాయంగా ‘ఆమ్లజని’ పేరు దానికే చెల్లాలి!) ‘ప్రాణవాయువు’ది మరో కథ. ఆ మాటకు యోగ, ఆయుర్వేద గ్రంథాల్లో పంచప్రాణాలలో ఒకటి అనే అర్థం ముందునుంచే ఉంది.

ఒక పారిభాషికపదం వెనుక ఒక పొరపాటు, ఒక ప్రయోగం, ఒక సవరణ ఇలా దాగి ఉన్నాయి. ఇవన్నీ చెప్పే వ్యాసం పాఠకుడికి శాస్త్రం నడిచిన దారిని చూపుతుంది. నిర్వచనం ఇచ్చి ఊరుకునేది పరీక్షకు పనికివస్తుందేమో గానీ ఆ విద్యార్థిని ప్రశ్నకు జవాబు ఇవ్వదు.

3. కర్త లేని వాక్యం

ఈ దారి చెరిగిపోవడానికి వాక్యనిర్మాణమూ ఒక కారణమే. ‘కనుగొనబడింది’, ‘భావించబడుతున్నది’ అనే క్రియలు ఉచితవ్యాసాల్లో అడుగడుగునా తగులుతాయి. ఎవరు కనుగొన్నారు, ఎవరు భావిస్తున్నారు? కర్మణిప్రయోగం తెలుగు నుడికారానికి సరిపడదని వ్యాకరణదృష్టితో ఆక్షేపిస్తుంటాం. నా దృష్టిలో దాని పెద్ద దోషం వేరు: అది సాక్షిని మాయం చేస్తుంది. 2010 ప్రాంతంలో గూగుల్ తన అనువాద ఉపకరణాలతో చేయించిన వ్యాసాలు తెలుగు వికీపీడియాలోకి పెద్ద సంఖ్యలో వచ్చి చేరినప్పుడు ఈ ధోరణి పరాకాష్ఠకు చేరింది. విషయం ఉన్నా, వాక్యం ఇంగ్లీషు అస్థిపంజరం మీద నిలబడింది. వాటిని సరిదిద్దే భారం వేతనం లేని స్వచ్ఛందరచయితలపై పడింది.

అయితే అంతర్జాల వచనమంతా ఇలాంటిదే అనుకోవడం అన్యాయం. అణుశాస్త్రవేత్త కొడవటిగంటి రోహిణీప్రసాద్ శాస్త్రాన్ని కబురు చెప్పినట్లు చెప్పగలిగాడు. ‘కలనయంత్రం’ వంటి మాటలు ప్రచారంలోకి తెచ్చిన వేమూరి వేంకటేశ్వరరావు ప్రతి పదానికీ కారణం చెప్పుకుంటూ రాశారు. ఆయన పదాలన్నీ నాకు నచ్చవు. కానీ ఎందుకు నచ్చలేదో వాదించే అవకాశాన్ని ఆయనే ఇచ్చారు.

4. ప్రతులు, పాఠాంతరాలు

ఇంగ్లీషులోని ఒక్క మాటకు తెలుగులో ‘ఉచితం’, ‘స్వేచ్ఛ’ అని రెండు మాటలున్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా తనను తాను స్వేచ్ఛా విజ్ఞానసర్వస్వమనే చెప్పుకుంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు. కానీ మూలాన్ని పేర్కొనాలి, మార్చిన రూపాన్ని అదే షరతుపై పంచాలి. అందులోని ప్రతి వ్యాసానికీ ‘చర్చ’, ‘చరిత్ర’ అనే రెండు పుటలు తోడుంటాయి. ఎవరు ఏ రోజున ఏ వాక్యాన్ని చేర్చారో, దానిని ఎవరు తొలగించారో అక్కడ తెలుస్తుంది.

తెలంగాణలోని ఒక గ్రామవ్యాసాన్ని తీసుకుందాం. మూసలో పోసిన వాక్యాలే, 2011 జనగణన అంకెలే. నిజానికి అది చదవడానికి విసుగు పుట్టించే రచన. అయినా 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఆ ఊరు ఏ జిల్లాలో ఉండేదో కూడా అది చెబుతుంది; తన అంకెలు ఏ ఏటివో దాచదు. అదే సమాచారం ఒక కోచింగ్ నోట్సులోకి చేరేసరికి సంవత్సరం రాలిపోతుంది, మూలం రాలిపోతుంది, ‘ఉండేది’ ‘ఉంది’గా మారుతుంది. స్వేచ్ఛగా ఇచ్చినది ఉచితంగా మాత్రమే మిగులుతుంది. పైగా ఆ జిరాక్సుకు డబ్బు చెల్లించాలి.

1906లో ఈ నగరంలోనే విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారిలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞానసర్వస్వాన్ని మూడు సంపుటాల వరకు తెచ్చి, అకారం దాటకుండానే 1923లో కన్నుమూశారు. ఆయనకు దొరకనిది కాలం. మనకు కాలమూ ఉంది, చోటూ ఉంది. లేనిది పరిష్కర్త చూపు.

తెలుగు శాఖలకు ఆ చూపు కొత్తదేమీ కాదు. తాళపత్రప్రతులను సరిపోల్చడం, లేఖకదోషాన్ని గుర్తించడం, ప్రక్షిప్తాన్ని వేరుచేయడం బ్రౌన్ కాలం నుంచి మన పండితులు చేస్తున్న పనే. ఏదైనా ఒక శాస్త్రవ్యాసపు తొలిరూపాన్ని, మధ్యరూపాన్ని, నేటి రూపాన్ని పక్కపక్కన పెట్టి, ‘చర్చ’ పుటలోని వాదాలతో కలిపి చదివితే ఒక పారిభాషికపదం ఎలా స్థిరపడిందో తేదీలతో సహా చూపవచ్చు. ఈ అంశంపై ఎం.ఫిల్. స్థాయి ప్రతిపాదనను ఒక పరిశోధకుడు తెచ్చినప్పుడు, “ఇందులో సాహిత్యం ఎక్కడ?” అని ఒక సంఘం తిప్పిపంపింది. ఆ సంఘంలో నేనూ ఉన్నాను. ఆ రోజు నోరు విప్పలేదు.