డోలు మోగితేనే పడిగె పలుకుతుంది

పాట కట్టాలంటే ముందు ఏం చదవాలి సార్ అని మన పిల్లలు అడుగుతుంటారు. ఉస్మానియా యూనివర్సిటీ పక్కన అడిక్‌మెట్‌లోనో, కాస్త అవతల అశోక్‌నగర్‌లోనో గది అద్దెకు తీసుకుని గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుతున్న ఆదివాసీ పిల్లలు వీళ్లు. చదవొద్దని మేం అనం. కానీ మన పెద్దలు వాయిస్తూ పాట కట్టారు. ఈ సంగతి పట్టించుకోని విమర్శ మన సాహిత్యాన్ని సగమే చూస్తుంది.

సకిని రామచంద్రయ్య గారినే తీసుకుందాం. మణుగూరు మండలం కూనవరం ఆయన ఊరు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో మనకు దూరమయ్యారు. ఇలవేల్పుల బొమ్మలున్న పడిగె ముందర డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథ, కోయ వీరుల కథలు పాడిన మనిషి. పత్రికలు ఆయన్ని డోలు వాద్య కళాకారుడని రాశాయి. ఆ మాట తప్పు కాదు గానీ చాలదు. కోయ డోలీలకు డోలు పాటకు పక్కవాద్యం కాదు. దరువు నడుస్తుండగానే తర్వాతి మాట నోటికొస్తుంది. యుద్ధం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ముందు పరుగెత్తుతుంది, గొంతు దాని వెనక పోతుంది. డోలు పక్కన పెట్టి కథ మాత్రం చెప్పమంటే పెద్దలు తడబడతారు. మరిచిపోయి కాదు, దారి చూపే చెయ్యి ఆగిపోయింది కనుక.

ఇదే కథను అచ్చులో చూడండి. ఒకే మాట మూడు నాలుగుసార్లు వస్తుంది. సంపాదకుడు పునరుక్తి అని కొట్టేస్తాడు. కొట్టేసింది దరువు కూర్చునే పీట! అలా శుభ్రం చేసిన పుస్తకం చదివి, మన కథల్లో అల్లిక లేదని రాసేవాళ్లూ ఉన్నారు.

వేదికల సంగతి ఇంకో తీరు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ అయితే మృదంగానికి తని ఆవర్తనం ఉంటుంది. జనం కూర్చుని వింటారు, చేత్తో తాళం వేస్తారు. మన డోలు, కొమ్ముకోయ ఆట మాత్రం మంత్రిగారి కారు ముందు ఎండలో నడవాలి. అతిథి వేదికెక్కగానే ఆపేయాలి. వినని చోట వాయించేవాడికి కొత్త దరువు ఎలా పుడుతుంది?

ఆదిలాబాద్ గోండుల దండారిలో పద్ధతి వేరు. దీపావళి ముందు ఒక ఊరి దండు ఇంకో ఊరికి చుట్టరికంగా పోతుంది. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి, అన్నం పెట్టి, తామూ ఆడతారు. ఒక ఊరి పాట మరో ఊరికి చేరేది ఇలాగే. మార్లవాయి కనకరాజు గారికి 2021లో గుస్సాడీ కోసం పద్మశ్రీ ఇచ్చారు. ఆయనా 2024లోనే పోయారు. కానీ ఫొటోల్లో చూడండి, నెమలి ఈకల టోపీలే కనబడతాయి. అడుగు వేయించే గుమేల, పర్ర, పేప్రే వాయించేవాళ్లు ఫొటో అంచు దాటి ఎక్కడో ఉంటారు. తోటీల కిక్రీకి ఆ అంచులో కూడా చోటు దొరకదు.

అడిక్‌మెట్ గదుల్లో డోలు వాయిస్తే ఇంటి ఓనరు ఊరుకోడు. అందుకని కొందరు ఆదివారం పూట బకెట్ బోర్లించి వాయించి, ఫోన్‌లో రికార్డు చేసి గూడేనికి పంపుతున్నారు. "అది పెళ్లి దరువురా, కొలుపుది కాదు" అని తాత తిరిగి వాయించి పంపుతాడు. రెండుమూడు వారాలకు ఆ దరువు మీద కొత్త మాటలు పడతాయి. ఇలా వచ్చిన పాటల్లో హాస్టల్ మెస్సూ ఉంది, వాయిదా పడ్డ పరీక్షా ఉంది. అన్నీ బాగున్నాయని అనలేం. కొన్ని సినిమా బాణీకి జారిపోయాయి. అయినా మన పిల్లలు ఒంటరిగా కూర్చుని రాసే కవితల కంటే వీటిలోనే ప్రాణం ఎక్కువ కనబడుతోంది మాకు.

బడుల్లో వార్షికోత్సవం వస్తే పెన్‌డ్రైవ్ పెట్టి రేలా ఆడిస్తున్నాం. ఆ డబ్బుతో ఊళ్లో డోలు బిగించే పెద్దాయన్ని పిలిచి, నాలుగు రోజులు పిల్లల చేతికి డోలు ఇప్పించవచ్చు. తెలుగు వాచకంలో నోరు విప్పని పిల్లవాడు బల్ల మీద దరువేస్తూ కోయలో వేట కథ చెప్పడం మనలో చాలామంది టీచర్లు చూసిందే. దాన్ని తెలుగు లిపిలో అలాగే రాయించండి. తిరిగొచ్చిన మాటల్ని కొట్టేయకండి, పక్కన ఏ దరువో రాయమనండి.