కోటలో ఎవరున్నారు? నలుపు తెలుపు గోథిక్ చిత్రాల్లో భయానికి ఆలంబనం

మీరు కావ్యశాస్త్ర పాఠంలో భయానక రసం గురించి చదివారు. దానికి భయం స్థాయిభావం. ఎవరిని లేదా దేనిని చూసి భయం పుడుతుందో అది ఆలంబన విభావం. ఆ భయాన్ని పెంచే చీకటి, నిర్జన ప్రదేశం, గుడ్లగూబ కూత వంటివి ఉద్దీపన విభావాలు. భయానక చిత్రాల మీద వచ్చే సమీక్షలు చాలావరకు ఉద్దీపనం దగ్గరే ఆగిపోతాయి. పొగమంచు ఎంత బాగా తీశారు, నీడలు ఎలా పడ్డాయి, తలుపు ఎప్పుడు కిర్రుమంది అన్నవే వాటి విషయం. ఈ సినిమా మనల్ని ఎవరిని చూసి భయపడమంటోంది అని అడిగేవారు తక్కువ. యూరప్‌లో నలుపు తెలుపుల్లో వచ్చిన గోథిక్ చిత్రాలను ఈ పాఠంలో ఆ ప్రశ్నతోనే చూద్దాం. అరకు, పాడేరు, అనంతగిరి వంటి చోట్ల ఉండి ఈ పుస్తకం చదువుతున్నవారికి ఆ ప్రశ్నతో మరింత దగ్గర సంబంధం ఉంది.

‘గోథిక్’ మొదట మధ్యయుగపు చర్చిల, కోటల నిర్మాణశైలికి పేరు. ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్పోల్ 1764లో వెలువరించిన ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ నవలతో అది ఒక కథాప్రక్రియకు కూడా పేరయింది. పాత కోట, వంశపు పాపం, చనిపోయినా వదలని యజమాని ఆ కథల సామగ్రి. సినిమా పుట్టాక ఈ సామగ్రి అంతా తెరమీదికి వచ్చింది.

జర్మన్ దర్శకుడు ఎఫ్.డబ్ల్యు. మూర్నౌ 1922లో తీసిన ‘నొస్ఫెరాటు’ను ముందు తీసుకుందాం. బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాక్యులా’ను (1897) అనుమతి లేకుండా, పేర్లు మార్చి తీసిన చిత్రమిది. రచయిత భార్య దావా వేసింది, ప్రతులన్నీ నాశనం చేయాలని కోర్టు తీర్పు చెప్పింది. అక్కడక్కడా మిగిలిన ప్రతుల వల్ల మనకు దక్కింది. అంతర్జాలంలో దొరికే ప్రతులను చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. రాత్రి సన్నివేశాలను పగలే తీసి, ప్రతికి నీలిరంగు అద్దేవారు. రంగు అద్దని ప్రతుల్లో రక్తపిశాచి పట్టపగలు వీధిలో నడుస్తున్నట్టు కనిపిస్తుంది. అది దర్శకుడి పొరపాటు కాదు.

కథ ఏమిటో చూడండి. హుట్టర్ అనే యువకుడు ఆస్తుల దళారి దగ్గర పనిచేస్తాడు. కొండల్లో ఉండే ఓర్లాక్ ప్రభువుకు పట్నంలో ఇల్లు అమ్మడానికి, సంతకాలు తీసుకోవడానికి బయలుదేరతాడు. దారిలో పూటకూళ్ల ఇంట్లో ఆ ప్రభువు పేరెత్తగానే గ్రామస్థులంతా బిగుసుకుపోతారు. వంతెన దాటి బండి తోలడానికి బండివాళ్లు ఒప్పుకోరు. చదువుకున్న హుట్టర్ నవ్వుకుంటూ నడిచి వెళ్తాడు. సినిమా ఎవరి పక్షాన ఉంది? నిస్సందేహంగా ఆ గ్రామస్థుల పక్షాన. వాళ్లది మూఢనమ్మకం కాదు, అనుభవం. తరతరాలుగా ఆ కోట నీడలో బతికినవాళ్లకు అందులో ఎవరున్నారో తెలుసు. తెలియనివాడు పట్నం నుంచి వచ్చినవాడే.

వంతెన దాటాక వచ్చే అడవి దారిని మూర్నౌ నెగెటివ్‌లో చూపించాడు. చెట్లు తెల్లగా, ఆకాశం నల్లగా మారిపోతాయి. ఆ ఒక్క నిమిషంలో లోకం తలకిందులవుతుంది. నలుపు తెలుపు మాత్రమే చేయగల పని ఇది. రంగుల చిత్రంలో ఇదే పని చేస్తే మాయాజాలంలా కనిపిస్తుంది కాని భయం పుట్టదు.

ఓర్లాక్ భూస్వామి. అతని అధికారానికి గుర్తు కోట. అతను పట్నానికి వస్తున్నప్పుడు పెట్టెల నిండా తన నేల మట్టిని వెంట తెచ్చుకుంటాడు, దానితో ఎలుకలూ మహమ్మారీ వస్తాయి. అయితే ఇదంతా మొదలైంది ఒక కాగితం మీద సంతకంతో. అరకు ప్రాంతం వారికి ఈ భాగాన్ని విడమరచి చెప్పనవసరం లేదు. గిరిజనేతరుల పేరుకు భూమి మారకుండా 1959లో వచ్చిన నిబంధన, దానికి 1970లో వచ్చిన 1/70 సవరణ, బొర్రా పరిసరాల గనుల లీజుల మీద మొదలై 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పుదాకా వెళ్లిన కేసు మీ ఇళ్లలో మాట్లాడుకునే విషయాలే. కాగితం ఎంత భయపెట్టగలదో మీకు తెలుసు. పోలికను ఇంతకంటే లాగకూడదు. ఓర్లాక్‌ను గని యజమాని అనేస్తే అది విమర్శ కాదు, నినాదం అవుతుంది.

లాగకూడదనడానికి మరో కారణం ఉంది. కొక్కెం ముక్కు, ఎలుకల గుంపు, తూర్పు నుంచి రోగాన్ని మోసుకొచ్చే పరాయివాడు అనే ఈ రూపకల్పనలో ఆనాటి యూదు వ్యతిరేక వ్యంగ్యచిత్రాల ఛాయలు ఉన్నాయని విమర్శకులు చాలాకాలంగా అంటున్నారు. ఆ మాటను తోసిపుచ్చలేం. అంటే ఒకే పాత్రలో రెండు ఆలంబనాలున్నాయి. గ్రామస్థులకు అతను ప్రభువు, పట్నానికి అతను పరాయివాడు. సినిమా మొదటి సగం పెత్తనాన్ని చూసి భయపడమంటుంది, రెండో సగం బయటినుంచి వచ్చినవాడిని చూసి భయపడమంటుంది. గొప్ప చిత్రం కూడా ఈ రెంటి మధ్య జారిపోగలదు.

డెన్మార్క్ దర్శకుడు కార్ల్ డ్రయ్యర్ 1932లో తీసిన ‘వాంపైర్’ మరో రకం. ఛాయాగ్రాహకుడు రుడాల్ఫ్ మాటే కెమెరా ముందు పల్చని గుడ్డ పెట్టి చాలా దృశ్యాలు తీశాడు. దానివల్ల అన్నీ బూడిదరంగులో, చలికాలపు ఉదయం లోయలో నడిచినట్టు ఉంటాయి. మాఘమాసంలో అరకులో తెల్లవారుజామున బస్సు కోసం నిలబడ్డవారికి ఆ బూడిదరంగు బాగా తెలుసు. రక్తపిశాచికి తోడ్పడిన వైద్యుడు చివర్లో పిండిమిల్లులో చిక్కుకుంటాడు. పైనుంచి తెల్లని పిండి రాలుతూనే ఉంటుంది, అతను అందులో కూరుకుపోతాడు. తెలుపు కూడా మృత్యువు కాగలదని చూపించిన సన్నివేశం ఇది.

ఇప్పుడు మన చిత్రాలకు వద్దాం. నలుపు తెలుపుల్లో తెలుగువారి మాయాలోకం అంటే ముందుగా 1951 నాటి ‘పాతాళభైరవి’ గుర్తొస్తుంది. కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం. గుహలో అమ్మవారి విగ్రహం ముందు వెలుగునీడలు యూరప్ చిత్రాలకు తీసిపోవు. అయితే భయానికి ఆలంబనం ఎవరు? ఎస్.వి. రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు. ఎక్కడో కొండల అవతలి నుంచి వచ్చి, నరబలి కోసం సాహసవంతుడైన యువకుణ్ణి వెతికేవాడు. కోటలో రాజు మంచివాడే. తోట రాముడికి ఆ రాజు కూతురే కావాలి. యూరప్ గోథిక్‌లో కోటలో ఉన్న భయం ఇక్కడ కోట బయటికి, కొండలవైపుకి వెళ్లిపోయింది. రంగారావు నటనలోని హాస్యం వల్ల మనకది గుచ్చుకోదు.

తర్వాతి కాలంలో ఆ హాస్యం పోయి, దిశ మాత్రం మిగిలింది. పట్నం కుర్రాళ్లు కొండమీది బంగళాకు వస్తారు. డప్పుల మోత వినిపిస్తుంది. పుర్రెలదండ వేసుకున్న ‘కోయదొర’ నిప్పుల్లో ఏదో చల్లుతాడు. ఇటువంటి సన్నివేశాలు మీరు చూసే ఉంటారు. మీ ఊళ్లో దిసారి ఏంచేస్తాడో మీకు తెలుసు: పండగకీ విత్తనాలకీ మంచిరోజు చెబుతాడు, ఆకూ వేరూ ఇస్తాడు. తెరమీద ఆ మనిషి ఆనవాళ్లు తీసుకుని మాంత్రికుణ్ణి తయారుచేస్తారు. ‘నొస్ఫెరాటు’లో కొండవాళ్లు ప్రమాదాన్ని ఎరిగినవాళ్లు, ఇక్కడ కొండవాళ్లే ప్రమాదం. బంగళా ఎవరిదో, అది ఆ నేలమీదికి ఎలా వచ్చిందో సినిమా అడగదు.

ఇది కేవలం చిత్రణకు సంబంధించిన ఫిర్యాదయితే పాఠంలో ఇంత చోటు ఇవ్వనవసరం లేదు. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఏజెన్సీ ప్రాంతం నుంచి పత్రికల్లో వస్తూ ఉన్నాయి. జ్వరమో, వరుస చావులో వచ్చినప్పుడు అనుమానం తరచుగా పడేది ముసలివాళ్ల మీద, ఒంటరివాళ్ల మీద, మందు తెలిసినవాళ్ల మీద. భయానికి ఆలంబనాన్ని ఎంచుకోవడం తెరమీద మాత్రమే జరిగే పని కాదు.

యూరప్‌కూ ఈ చరిత్ర ఉంది, దాని సినిమాలు దాన్ని రెండు విధాలుగా చూపించాయి. ఇటలీ దర్శకుడు మారియో బావా 1960లో తీసిన ‘లా మాస్కెరా దెల్ దెమోనియో’లో మంత్రగత్తె అని తీర్పు పొందిన ఆసా ముఖానికి లోపలివైపు మేకులున్న ముసుగు బిగిస్తారు. ముసుగు దగ్గరికి వస్తుండగా కెమెరా ఆమె కళ్ల స్థానంలో ఉంటుంది. మేకులు మనవైపే వస్తాయి. అంత సాహసం చేసిన బావా వెంటనే వెనక్కి తగ్గాడు. రెండు శతాబ్దాల తర్వాత ఆసా లేచి నిజంగానే రక్తం తాగుతుంది. అంటే తీర్పు చెప్పినవాళ్లదే న్యాయమయింది. బార్బరా స్టీల్ ముఖాన్ని అంత అందంగా తీసిన చిత్రం మరొకటి లేదేమో, కాని ఆ అందం ఒక అబద్ధానికి పనిచేసింది.

డ్రయ్యర్ 1943లో, డెన్మార్క్ జర్మనీ ఆక్రమణలో ఉండగా, ‘వ్రెదెన్స్ దా’ (ఆగ్రహ దినం) తీశాడు. ఇందులో పిశాచాలు లేవు. 17వ శతాబ్దపు ఊరు, హెర్లోఫ్స్ మార్తె అనే ముసలామె, ఆమె దగ్గర మూలికల మందు. మొదటి సన్నివేశంలో మరో స్త్రీకి మందు ఇస్తుండగానే బయట తనను వెతుకుతున్న గుంపు అరుపులు వినిపిస్తాయి. తర్వాత ఆమెను చిత్రహింస పెట్టి ఒప్పించి, నిచ్చెనకు కట్టి మంటల్లోకి తోస్తారు. హింసాగదిలో కెమెరా ఆమె మీద నిలవదు. ఆమె గొంతు వినిపిస్తూ ఉండగా, అక్కడ కూర్చున్న మతపెద్దల ముఖాల మీదుగా మెల్లగా కదులుతుంది. నింపాదిగా, విద్యావంతుల్లా, కొందరు కాస్త విసుగ్గా కూర్చున్న ముఖాలు. మంత్రగత్తెను చూసి భయపడటానికి వచ్చిన ప్రేక్షకుడు ఆ ముఖాలను చూసి భయపడతాడు.

మీ అధ్యయన కేంద్రంలో వీలుంటే ఈ ఒక్క సన్నివేశాన్ని రెండుసార్లు చూడండి. మొదటిసారి శబ్దంతో, రెండోసారి శబ్దం లేకుండా. కెమెరా ఏ ముఖం దగ్గర ఎంతసేపు ఆగిందో రాసుకోండి. తర్వాత మీకు బాగా గుర్తున్న ఒక తెలుగు చిత్రంలోని మాంత్రికుడి సన్నివేశాన్ని తీసుకుని, అందులో కెమెరా ఎవరిని చూపించలేదో ఒక పేజీలో రాయండి.