పనిముట్టు వివరణము

సాఫ్ట్‌వేర్ పనిముట్టును నిర్మించుట యెంతటి విద్యయో, అది యేమి చేయునో, యేమి చేయజాలదో పరులకు తేటపడునట్లు వ్రాయుటయు నంతటి విద్యయే యని నా దృఢవిశ్వాసము. చిరకాలముగా ఈ వ్రాతయే నాకు వృత్తి. మొన్నమొన్నటి వరకు నా పాఠకుడు మనుష్యుడే. ఇప్పుడు కృత్రిమ మేధతో నడచు ఏజెంట్ సైతము ఆ వ్రాతను చదివి, పనిముట్టును తానే యెన్నుకొని, తానే ప్రయోగించుచున్నది. ఈ క్రొత్త పాఠకుని రాకవలన మా వృత్తిధర్మము మారలేదు గాని, అందు మేము చూపుచు వచ్చిన ఉపేక్షకు మాత్రము ఇక తావు లేకపోయినది.

మనుష్యుడైనచో వ్రాతలోని కొరతను ప్రక్క కుర్చీలోని సహోద్యోగి నడిగి తీర్చుకొనును. అనుమానము కలిగిన మరునాటికి వాయిదా వేసికొనును. ఏజెంట్‌కు సాధారణముగా ఆ సౌకర్యము లేదు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన, పనిముట్లను ఏజెంట్లతో కలుపు మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను చూచినను, పనిముట్టును గూర్చి ఏజెంట్ చేతికి ముఖ్యముగా అందునవి దాని పేరు, వివరణము, అది స్వీకరించు విలువల స్వరూపము. వానిలో లేనిదానిని అది ఊహించును. ఊహించి ఊరకుండక, ఆ ఊహనే ఆధారముగా గొని కార్యమునకు పూనుకొనును.

ఆర్డర్లను వెదకి తెచ్చు పనిముట్టు నొకదానిని తీసికొందము. ‘ఆర్డర్లను తెచ్చును’ అని ముగించిన వివరణములో అసత్యమేమియు లేదు; అయినను 03-04 అన్న తేదీ మార్చి నాలుగవదియో, ఏప్రిల్ మూడవదియో అది చెప్పదు. ఒక్క పిలుపునకు 100 ఆర్డర్లే వచ్చునని తెలియని ఏజెంట్ ఆ 100నే సర్వస్వముగా నెంచి యజమానికి లెక్క యొప్పజెప్పును. జాబితా ఖాళీగా వచ్చినపుడు ఆర్డర్లే లేవో, చూచుటకు అనుమతియే లేదో దానికి బోధపడదు. కావున నేనైన ఇట్లు వ్రాయుదును: ‘ఒక వినియోగదారుని ఆర్డర్లను తెచ్చును. తేదీని 2025-04-03 వలె సంవత్సరము, నెల, రోజు వరుసలో ఇయ్యవలెను. ఒక పిలుపునకు 100కు మించి రావు; ఇంకను మిగిలియున్నచో తరువాతి పుట గుర్తు వచ్చును, దానితో మరల పిలువవలెను. అనుమతి లేనిచో దోషసందేశమే వచ్చును, ఖాళీ జాబితా రాదు. ఆర్డరును రద్దు చేయుటకు ఇది పనికిరాదు.’ వీనిలో చివరి వాక్యము నాకు మిక్కిలి విలువైనది. ఏలయన ఒకదానినొకటి పోలిన పనిముట్లు పది యున్నచోట, దేనిని ఎప్పుడు వాడరాదో చెప్పుటయే సరియైన దానిని చూపుట.

వాక్యము వెంట ఉదాహరణము నడువవలెను. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి సూత్రమును చెప్పి విడువక, దాని క్రింద రూపములను చూపినాడు. ఆ రూపములను చూచిన పిమ్మట గదా సూత్రము విద్యార్థికి వశమగును!

దోషసందేశమును సైతము వివరణములో భాగముగానే నేను భావింతును. ‘పొరపాటు జరిగినది’ అన్న సందేశము ఏజెంట్‌ను అంధకారమున విడిచిపెట్టును. ‘ముగింపు తేదీ ప్రారంభ తేదీకి పూర్వము ఉన్నది, సరిచేసి పంపుము’ అన్నది దానికి త్రోవ చూపును. చెల్లింపులు చేయు పనిముట్టు విషయమున ఈ జాగరూకత మరింత అవసరము. సమాధానము ఆలస్యమైనపుడు మరల పిలిచిన రెండవమారు సొమ్ము పోవునా, పోదా అన్నది వ్రాయనిచో, ఆ మౌనమునకు మూల్యము చెల్లించువాడు ఏ పాపమెరుగని ఖాతాదారుడు.

ఈ నిజాయితీ మన రంగమునకు క్రొత్త కాదు. 1971 నవంబరు 3వ తేదీని ధరించిన యూనిక్స్ ప్రథమ మాన్యువల్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు ఆయా కమాండ్ల ప్రయోజనముతోపాటు వాని లోపములకును ‘బగ్స్’ అన్న శీర్షిక క్రింద ప్రత్యేకస్థానము నిచ్చిరి. తాము నిర్మించినదాని కొరతను తామే అచ్చున చెప్పిన ఆ సంప్రదాయము నాకు శిరోధార్యము.

మేధ వికసించుకొలది ఇన్ని మాటలతో పనియుండదని కొందరందురు. నిడివి విషయమున వారి మాట కొంత నిజమే. అనావశ్యకమైన ప్రతి వాక్యమును ఏజెంట్ దృష్టిని పలుచన చేయును. కాని 100 అన్న హద్దు తర్కముచే సిద్ధించునది కాదు. అది నిర్మాత చేసిన నిర్ణయము. అతని మనస్సునందే నిలిచిన నిర్ణయమును ఎంతటి మేధయైనను ఎట్లు గ్రహింపగలదు?

కావున వివరణము వ్రాసినవారు దానిని నిజమైన పనులతో ఏజెంట్‌కు అప్పగించి, అది యెక్కడ తప్పుదారి పట్టినదో ఓపికతో పరిశీలింపవలెను. అది తడబడినచోట ముందుగా శంకింపవలసినది మన వాక్యమును. ఆ వాక్యమును సరిదిద్దినచో ఏజెంట్‌తోపాటు, అడుగుటకు సంకోచించి ఇన్నాళ్లు మౌనముగా ఇబ్బందిపడిన క్రొత్త ఉద్యోగికిని మేలు కలుగును. అతనికి మనము ఏనాడో తీర్పవలసిన ఋణమది.