ఎనిమిది గంటల ఖాళీ బస్సు

డెజర్ట్ బస్ అనే వీడియో గేమ్‌లో ఆడేవాళ్లకు ఉన్న పని ఒక్కటే. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రపు టూసాన్ నుంచి నెవాడాలోని లాస్ వేగాస్ దాకా ఖాళీ బస్సు నడపాలి. బస్సు గంటకు 45 మైళ్లకు మించి పోదు. ప్రయాణం 8 గంటలు, అదీ గోడ గడియారం ప్రకారం. లెక్క కడితే 360 మైళ్లు, దాదాపు 580 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాద్ నుంచి తిరుపతికి ఉన్నంత దూరం. దారిలో ఎక్కేవాళ్లు ఉండరు, ఎదురొచ్చే బండి ఉండదు. ఎప్పుడో ఒక రాయి, ఎప్పుడో ఒక బస్ స్టాప్ బోర్డు కనిపిస్తాయి. చేరితే దక్కేది 1 పాయింట్.

ఇది ‘పెన్ అండ్ టెల్లర్స్ స్మోక్ అండ్ మిర్రర్స్’ అనే చిన్న ఆటల సంకలనంలో ఒకటి. మెజీషియన్ల జంట పెన్ జిలెట్, టెల్లర్ పేరు మీద సెగా సీడీ యంత్రం కోసం ఇమాజినీరింగ్ సంస్థ దీన్ని తయారు చేసింది. వీడియో గేముల్లో హింస గురించి 1993లో అమెరికన్ సెనేట్ విచారణ జరిపింది. ఆనాటి అటార్నీ జనరల్ జానెట్ రెనో కూడా తెరమీది హింసను గట్టిగా విమర్శించారు. ఎవరూ వేలెత్తి చూపలేని ఆట, నిజజీవితానికి అచ్చంగా సరిపోయే ఆట ఎలా ఉంటుందో చూపించాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. అయితే ప్రచురించాల్సిన అబ్సొల్యూట్ ఎంటర్‌టైన్‌మెంట్ 1995లో మూతపడడంతో ఆట దుకాణాలకు చేరలేదు. సమీక్షకులకు పంపిన కాపీలు మాత్రం మిగిలాయి. వాటిలో ఒకటి 2005లో పాత గేముల చరిత్ర సేకరించే ఫ్రాంక్ సిఫాల్డీకి అందింది. ఆయన ద్వారానే అది లోకానికి తెలిసి, కంప్యూటర్ల మీదికి వచ్చింది.

చేతకాక విసుగు పుట్టించే ఆటలు చాలా ఉన్నాయి. డెజర్ట్ బస్‌లో విసుగును కొలిచి, ఆలోచించి పెట్టారు. బస్సు తిన్నగా పోదు, కొద్దికొద్దిగా కుడివైపు లాగుతుంటుంది. అందుకే యాక్సిలరేటర్ బటన్‌కు టేపు అంటించి లేచి వెళ్లిపోవడం కుదరదు. కొన్ని క్షణాలకొకసారి స్టీరింగును ఎడమకు సర్దుతూనే ఉండాలి. ఆటను మధ్యలో ఆపే వీలు లేదు. ఏమరుపాటున బస్సు ఇసుకలోకి దిగితే ఇంజను ఆగిపోతుంది, లారీ వచ్చి దాన్ని టూసాన్‌కు లాక్కుపోతుంది. ఆ వెనక్కి లాగడం కూడా నిజ సమయంలోనే. అయిదు గంటలు గడిచాక ఒక పురుగు వచ్చి అద్దానికి కొట్టుకుంటుంది. మొదటి ప్రయాణం మొత్తానికి చెప్పుకోదగ్గ సంఘటన అదే. లాస్ వేగాస్ చేరగానే తిరుగు ప్రయాణం చేస్తారా అని ఆట అడుగుతుంది. కొన్ని సెకన్లలో తేల్చుకోవాలి. సరేనంటే సంధ్య వాలుతుంది, చీకటి పడుతుంది, హెడ్‌లైట్ల వెలుగులో మరో 8 గంటలు. మరో పాయింట్.

నేటి కంప్యూటర్‌లో దీన్ని ఆడాలంటే సెగా సీడీలా పనిచేసే ఎమ్యులేటర్ కావాలి. రెట్రోఆర్క్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో జెనెసిస్ ప్లస్ జీఎక్స్ అనే కోర్‌ను, అంటే ఆ యంత్రాన్ని అనుకరించే భాగాన్ని, దించుకుంటే ఆ పని జరుగుతుంది. దానికి తోడు సెగా సీడీ బయోస్ ఫైలు ఉండాలి. హక్కులు సెగా కంపెనీవి కనుక ఆ ఫైలు ఎమ్యులేటర్‌తో పాటు రాదు. సొంత యంత్రం నుంచి తీసుకోవడమే సరైన పద్ధతి. దాన్ని రెట్రోఆర్క్ సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టాలి. ఆట డిస్క్ సాధారణంగా బిన్, క్యూ అనే రెండు రకాల ఫైళ్లుగా ఉంటుంది. బిన్‌లో డిస్క్ సమాచారం, క్యూలో ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే వివరం. రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉంచి, క్యూ ఫైలును తెరవాలి.

ఇంతటితో ఆట నడుస్తుంది గానీ, ఇంకా డెజర్ట్ బస్ కాదు. ఎమ్యులేటర్ ఇచ్చే సౌకర్యాలన్నీ ఈ ఆటకు శత్రువులే. రెట్రోఆర్క్‌లో స్పేస్ బార్ నొక్కితే ఆట వేగం పెరుగుతుంది. ఎఫ్2 నొక్కితే ఉన్నచోట సేవ్ అవుతుంది, ఎఫ్4 నొక్కితే ఆ చోటికే తిరిగి వస్తుంది, పీ నొక్కితే ఆట ఆగుతుంది. సెట్టింగ్స్‌లోని ఇన్‌పుట్ విభాగంలో హాట్‌కీస్ తెరిచి ఈ నాలుగింటినీ తీసేయాలి. మరో విండోలోకి వెళ్లగానే ఆటను దానంతటదే ఆపే ఏర్పాటు కూడా మొదటినుంచీ ఆన్‌లో ఉంటుంది. దాన్నీ ఆపాలి. కంప్యూటర్ నిద్రలోకి జారకుండా, అప్‌డేట్ పేరుతో నడిమధ్య రీస్టార్ట్ కాకుండా ముందే చూసుకోవాలి. ఇవన్నీ చేశాకే తయారుచేసినవాళ్లు అనుకున్న ఆట తెరమీదికి వస్తుంది. ఇంత శ్రమ అక్కర్లేదనుకునేవారికి 2017లో గేర్‌బాక్స్ సంస్థ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో ఉచితంగా విడుదల చేసిన డెజర్ట్ బస్ వీఆర్ ఉంది.

ఈ ఓపికకు గొప్ప ప్రయోజనం ఉందని కెనడాలోని విక్టోరియా నగరపు హాస్య బృందం లోడింగ్‌రెడీరన్ నిరూపించింది. 2007లో వాళ్లు ‘డెజర్ట్ బస్ ఫర్ హోప్’ మొదలుపెట్టారు. ఆసుపత్రుల్లోని పిల్లలకు బొమ్మలు, ఆటలు అందించే చైల్డ్స్ ప్లే సంస్థకు విరాళాలు వస్తున్నంత సేపు, రాత్రింబవళ్లు వంతులవారీగా బస్సు నడుపుతారు. మొదటి గంటకు 1 డాలరు, ఆపైన ప్రతి గంటకూ 7 శాతం ఎక్కువ. ఆ లెక్కన 100వ గంట ఖరీదు 800 డాలర్లు దాటుతుంది. తొలి ఏడాదే 22 వేల డాలర్లకు పైగా పోగయింది. అప్పటినుంచి ఏటా ఆ బస్సు నడుస్తూనే ఉంది. నడిపేవాళ్లు నిజంగా అలసిపోతున్నారని తెలుసు కనుకే చూసేవాళ్లు డబ్బు ఇస్తారు. వేగం పెంచుకుని పది నిమిషాల్లో లాస్ వేగాస్ చేరే బస్సుకు ఎవరూ రూపాయి కూడా ఇవ్వరు.

అందుకే ఈ ఆట ఆడదలచినవారు సెలవురోజు చూసుకుని, హాట్‌కీలు తీసేసి, నీళ్లసీసా పక్కన పెట్టుకుని కూర్చోవాలి. ఎనిమిది గంటలు ఇవ్వలేకపోతే గంట నడిపి దిగిపోయినా తప్పులేదు. స్పేస్ బార్ మాత్రం నొక్కవద్దు.