చెరువు తగ్గాక కొరమీను

కొరమీనుకు గాలం వేయాలంటే ఫాల్గుణం చివరి నుంచి చైత్రం దాకా ఉన్న రోజులను మించినవి లేవు. చెరువు నిండుగా ఉన్నప్పుడు చేప ఎక్కడుందో కనిపెట్టడం తలపండిన వేటగాళ్లకే సాధ్యం. ఎండలు ముదిరి నీళ్లు తూము వైపు జరిగాక లెక్క మారిపోతుంది. తూము గుంతలోకి, కట్ట రాళ్ల సందుల్లోకి, మునిగిన కంపచెట్ల మొదళ్లలోకి చేపలన్నీ చేరుకుంటాయి. సెలవు రోజున సరదాగా గాలం పట్టేవాడికి కూడా అదను దొరికేది అప్పుడే.

అనంతపురం నేలకు ఈ చేప సరిజోడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. జైసల్మేర్ తర్వాత దేశంలో వాన తక్కువ ఇక్కడే అంటుంటారు. బుక్కరాయల మంత్రి చిక్క ఒడయారు అనంతసాగరం, బుక్కరాయసముద్రం కట్టించాడని, అనంతపురం ఊరికి ఆ పేరు అనంతసాగరం వల్లే వచ్చిందని పెద్దలు చెప్తారు. ఆ చెరువులు ఎండినా కొరమీను అంత తొందరగా చావదు. తడి బురదలో దూరి వాన కోసం కాచుకుంటుంది. కొల్లేరు కొరమీను గురించి డెల్టా వాళ్లు ఎంతైనా చెప్పుకోనీ, కరువును ఓర్చిన సీమ చెరువు చేప ముందు అది దిగదుడుపే అంటాను.

వేటంతా ఒక్క గుట్టు మీద నడుస్తుంది. కొరమీనుకు మొప్పలు ఒక్కటే చాలవు. మధ్యమధ్య పైకి వచ్చి గాలి మింగాలి. మింగినచోట చిన్న సుడి లేచి, ఒకటి రెండు బుడగలు మిగులుతాయి. కొత్తవాడు సరిగ్గా ఆ సుడి మీదే ఎర వేస్తాడు, చేప బెదిరి పారిపోతుంది. చేయి తిరిగినవాడు అది ఎటు తిరిగిందో చూసి, రెండు బారల ముందు, చప్పుడు కాకుండా వదులుతాడు.

బుక్కపట్నం చెరువు కట్ట మీద ఒక పెద్దాయన వేట చూసే భాగ్యం నాకు కలిగింది. చేతిలో వెదురు కట్టె, నైలాన్ దారం, జొన్న దంటు బెండు. పరక చేపను వీపు రెక్క కింద పైపైన గుచ్చాడు, అది నీళ్లలో ప్రాణంతో ఈదాలి కదా. ఎండకు ఎదురుగా కూర్చున్నాడు, నీడ వెనక్కి పడేలా. కట్ట మీద ఎవరు అడుగు గట్టిగా వేసినా కళ్లెర్రజేశాడు. నేల అదురు నీళ్లలోకి పోతుందని ఆయనకు తెలుసు. బెండు ఒకసారి వాలి పక్కకు జారింది. పక్కనున్న కుర్రాడు "లాగు తాతా!" అని అరిచాడు. పెద్దాయన కదల్లేదు. "ఉండప్పా, నోట పట్టుకునింది, ఇంకా మింగల్యా" అని దారం ఇంకాస్త వదిలాడు. బెండు ఆగింది. మళ్లీ కదిలి, ఈసారి ఏటవాలుగా లోపలికి మునిగింది. అప్పుడు మణికట్టు ఒక్కసారి ఎత్తాడు, అంతే. కంప మొద్దుల మధ్య నుంచి దారం ఎక్కడా తగలకుండా, ఎక్కడా వదులు కాకుండా, చేపను ఒడ్డుకు నడిపించుకొచ్చాడు. అంత నేర్పు నేను మరెక్కడా చూడలేదు. ఎవరైనా చూశామంటే నమ్మను కూడా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తెల్లవారుజామున, లేదంటే పొద్దు వాలాక వెళ్లండి. ఆ వేళల్లో చేప మేత కోసం లోతు తక్కువ ఒడ్డుకు వస్తుంది. నడిమధ్యాహ్నం తామరాకుల నీడకు, లోతుకు పోతుంది. సన్నగా గాలి లేచి నీళ్లు కదులుతుంటే మరీ మంచిది, మీ ఆకారం దానికి కనపడదు. ఎర్రలు, మిడతలు, పరకలు చాలు. పాతవాళ్లు కప్పను గుచ్చేవాళ్లు. కప్పలే కరువైన ఈ నేలలో వాటి జోలికి పోకండి. చెరువు పాట పాడుకున్న మత్స్యకారుల సొసైటీని ముందుగా ఒక మాట అడగడం మర్యాద.

ఇది పనిలేనివాళ్ల కాలక్షేపమని తీసిపారేసేవాళ్లకు ఒకటి చెప్పాలి. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ 1887లో కేవలం చెరువుల్లో గాలం వేట మీద ఒక పుస్తకమే అచ్చువేయించాడు. పరాయి దొర గ్రంథానికి ఎక్కించిన విద్యను మన కట్టల మీద వేటగాళ్లు నోటిమాటగానే నిలుపుకుంటూ వచ్చారు. వాళ్ల నుంచి ఒక్క పేజీ రాసుకున్న మనవాళ్లు ఎందరు?

ఇక ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. నీళ్లు తగ్గి చేపలన్నీ ఒక్కచోట చేరిన ఈ అదనులోనే కరెంటు తీగ దించేవాడొకడు, బ్లీచింగ్ పొడి కలిపేవాడొకడు, క్వారీ నుంచి తెచ్చిన జిలెటిన్ పేల్చేవాడొకడు. మందు పేల్చి, విషం కలిపి చేపలు చంపడం నేరమని 1897 నాటి చట్టమే చెప్తోంది. ఒక్క పేలుడుకు పెద్ద చేపతో పాటు వేలెడు పిల్ల కూడా తేలుతుంది. దానికి వేట అని పేరు పెట్టడం గాలం పట్టిన ప్రతివాడికీ అవమానం. ఇది చాలదన్నట్టు, నిషేధం ఉన్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను నీళ్లలోకి వదులుతున్నారు. అది దేన్నీ వదలదు, మన చేపల పిల్లలను కూడా మింగేస్తుంది. గుళికల మేతతో తొట్టెల్లో లావెక్కిన కొరమీనును చెరువు చేప అని చెప్పి అమ్మడం మరో మోసం. నాలుక ఉన్నవాడికి మొదటి ముద్దకే తేడా తెలుస్తుంది.

గాలానికి ఒక్కటే చేప పడుతుంది, మిగతావి చెరువులోనే ఉంటాయి. కొరమీను జంట తన పిల్లల గుంపును కాపలా కాస్తుంది. ఎర్రటి పిల్లలు తేలుతున్నచోట ఎర వేస్తే తల్లి తప్పకుండా మీద పడుతుంది, దాన్ని పట్టడం గొప్ప కానే కాదు. అవి ఎక్కువగా పిల్లలు పెట్టేది వానల్లోనే, అందుకే వాన పడి కొత్త నీరు వచ్చాక గాలం చుట్టేయండి. మీ ఊరి చెరువులో కరెంటు తీగ కనిపిస్తే చూసీచూడనట్టు పోకండి, సొసైటీకి, మత్స్యశాఖ వాళ్లకు చెప్పండి. మీ ఊళ్లో గాలం తెలిసిన పెద్దాయన ఇంకా ఉంటే, ఈ చైత్రంలోనే మీ పిల్లవాడిని ఆయన పక్కన కూర్చోబెట్టండి.